మగ్గానికొక్క కార్డు

పడుచువాళ్ళందరికీ ఆరోగ్య బీమా చేయించాలని గద్వాల చేనేత సంఘం అధ్యక్షుడు ఈశ్వరయ్యకు ఆ ఏడు బుద్ధి పుట్టింది. పుట్టిందంటే ఊరికే పుట్టలేదు లెండి. మార్చి నెల దగ్గర పడింది. బీమా కంపెనీ ఆఫీసరుకు చేర్పించాల్సిన వాళ్ళలో ఇంకా సగం మంది తక్కువయ్యారు. ఆయన జీపేసుకొని వచ్చి, సంఘం బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "అధ్యక్షులవారూ, మీరే గట్టెక్కించాలి" అన్నాడు. అధ్యక్షులవారూ అని పిలిస్తే ఈశ్వరయ్య బావిలో దూకమన్నా దూకుతాడు. ఈత వచ్చా రాదా అన్నది దూకాక చూసుకుంటాడు.

ఆ సాయంత్రమే మీటింగు పెట్టారు. ముసలివాళ్ళు ముందు వరసలో కూర్చుంటే ఆఫీసరు మర్యాదగా వెనక్కి పంపాడు. వాళ్ళకు రోజుకో రోగం, కంపెనీకి గిట్టదట. పడుచువాడైతే డబ్బు కట్టాలి, జబ్బు పడకూడదు. కంపెనీ కలలోకి వచ్చే మనిషి వాడే.

కానీ బీమా ధర వినేసరికి పడుచువాళ్ళకు ఉన్న ఆరోగ్యం కూడా పోయేటట్టనిపించింది. వెంకటన్న అనే కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఆ వీధిలో కుర్రకారుకు వాడే నోరు.

"జరమొచ్చినోనికి గదన్నా దవాఖాన. మాకేమొచ్చింది? రాని రోగానికి ముందుగాలనే పైసలు గడితె, ఎవరో పిలుస్తుండ్రు పోయి చూసొద్దామని అది రాదా?"

అందరూ నవ్వారు. ఆఫీసరు మొహం మాడిపోయింది. అప్పుడు ఈశ్వరయ్య గొంతు సవరించుకున్నాడు.

నిజానికి ఆ వీధిలో మనుషులను లెక్కపెట్టే అలవాటు లేదు. నూలు ఇచ్చేది మగ్గానికి ఇంత అని. జములమ్మ జాతరకు చందా వసూలు చేసేది మగ్గానికి ఇంత అని. పెళ్ళిపత్రికలు అచ్చు వేయించేవాడు కూడా మగ్గాలెన్నో కనుక్కొని అన్నే వేయిస్తాడు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెండూ కలిపి నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. చాలా ఇళ్ళలో ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళామే.

"మగ్గానికొక్క కార్డు ఇయ్యుండ్రి సార్" అన్నాడు ఈశ్వరయ్య. "ధర ఒక్క మనిషిది, కార్డు ఇద్దరికి. అప్పుడు మావోళ్ళకు అందుతది."

"మరి కార్డు మీద ఎవరి పేరు రాయాలి?"

"మగ్గం నంబరు రాయుండ్రి."

"జబ్బు పడ్డట్టు రుజువు?"

"మగ్గం ఆగుతది సార్. మా వీధిల ఎవ్వరు మంచాన బడ్డా ముందుగాల తెలిసేది మగ్గానికే. మగ్గం ఆగిందంటె రోగమొచ్చినట్టే. నేను కండ్లార జూసి చీటీ రాసిస్త. ఆ చీటీ పట్టుకపోతె దవాఖానల పైసా అడగొద్దు."

ఆఫీసరు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అది బీమాయో తమాషాయో ఆయనకు తెలియక కాదు. కానీ మార్చి నెల ఎవరి కోసమూ ఆగదు. "బ్రహ్మాండం" అన్నాడు. చప్పట్లు మోగాయి. పెద్ద దవాఖానలున్న కర్నూలు ఉండగా కార్డు చెల్లే దవాఖాన మాత్రం వనపర్తిలో కుదిర్చారు. ఆ డాక్టరూ ఆఫీసరూ తోడల్లుళ్ళని కొందరన్నారు. కాదు, ఒకే ఊరివాళ్ళని మరికొందరన్నారు. మనకెందుకులెండి.

అలా నలభై ఒకటో నంబరు మగ్గానికి కూడా కార్డు వచ్చింది. ఆ మగ్గం మీద కూర్చునేది కురుమూర్తి, వాడి పెళ్ళాం భాగ్యలక్ష్మి. కార్డు తీసుకోవడం కురుమూర్తికి ఇష్టం లేదు. వాడి తల్లి అనంతమ్మ పట్టుబట్టి తీయించింది. "కార్డు దెచ్చినంకనే అన్నం" అన్నది. అనంతమ్మ అన్నదంటే అన్నదే. ఆమె నోటికి జడిసి సంతలో దుకాణందారులు తక్కెడ సరిగ్గా పట్టుకుంటారు.

ఆమె పట్టుదలకు కారణం ఉంది. కురుమూర్తి పాకే వయసులో ఉండగానే మొగుడు మాసయ్య కడుపునొప్పితో పోయాడు. వేడి చేసిందని ఆముదం తాగించారు. గాలి సోకిందని పొట్ట మీద వాతలు పెట్టారు. దవాఖానకు పోదామని ఆమె మొత్తుకుంటే, పైసలేవి అని పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళ చూపులు అయ్యేలోపల ఆయన ఊపిరి అయిపోయింది. అందుకని ఆ కార్డును ఆమె దేవుడి పటం వెనక పెట్టి రోజూ పొద్దున్నే ఓ దండం పెట్టేది.

ఏడాది తిరగవచ్చింది. ఆ ఏడాదిలో ఆ వీధి పడుచువాళ్ళలో ఒక్కరికీ జబ్బు రాలేదు. అంటే సంఘం లెక్కలో రాలేదు. వాంతులూ విరేచనాలూ జ్వరాలూ వచ్చినవాళ్ళు వచ్చారు. కానీ మగ్గం ఆపితే కూలి పోతుంది కాబట్టి ఇంట్లో తల్లో చెల్లో ఎక్కి కూర్చున్నారు. మగ్గం ఆగలేదు కాబట్టి జ్వరం రాలేదు. ఈశ్వరయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వీధి మొదట్లో 'రోగం లేని యువత, సంఘం సాధించిన ఘనత' అని పెద్ద బోర్డు రాయించాడు. శుక్రవారం నాడు హైదరాబాదు నుంచి చేనేత శాఖ డైరెక్టరుగారు సతీసమేతంగా వచ్చి దాన్ని చూడాలి. ఆమెకు పెట్టడానికి మామిడిపండు రంగు చీర, నేరేడుపండు రంగు అంచు, నిండా జరీ కొంగు. ఆ చీరను నేయడానికి ఏ మగ్గానికి ఇచ్చాడనుకున్నారు? నలభై ఒకటికే. భాగ్యలక్ష్మి చేతి అంచంత శుభ్రంగా ఆ వీధిలో ఇంకెవరికీ పడదు మరి.

మంగళవారం ఆ పిల్ల నేస్తూ నేస్తూ కడుపు పట్టుకుంది. "ఏం లేదత్తా, జర నొప్పి" అన్నది. వేడి చేసిందేమోనని అనంతమ్మ మజ్జిగ తాగించి పడుకోబెట్టి, తాను మగ్గమెక్కింది. బుధవారం పొద్దుటికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. కక్కుతోంది. నొప్పి బొడ్డు దగ్గర నుంచి కుడిపక్కకు దిగింది, చెయ్యి వేయనివ్వడం లేదు.

అనంతమ్మకు మొగుడు గుర్తొచ్చాడు. మాసయ్య కూడా సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టుకొని మెలికలు తిరిగాడు.

"నడువ్ రా, మొదటి బస్సుకే! కార్డు జేబుల బెట్టుకో!" అని కొడుకునూ కోడలినీ వనపర్తికి తోలింది. తానూ పోయేదే. కానీ శుక్రవారం లోపల చీర దించకపోతే ఈశ్వరయ్య కూలి ఆపుతాడు. కార్డుంది కదా, భయమేంది అని ధైర్యం చెప్పుకుంది. ఆ కంగారులో చీటీ సంగతి తట్టలేదు. పక్కింటి రామేశ్వరమ్మను కేకేసి కొడుకు స్థానంలో కూర్చోబెట్టుకొని మగ్గం ఆడించడం మొదలుపెట్టింది. చేతులు నేస్తున్నాయి గానీ మనసంతా బస్సులోనే ఉంది.

ఎండ నడినెత్తికి వస్తుండగా ఈశ్వరయ్య తెల్లబట్టల్లో గుమ్మంలోకి వచ్చాడు. వెనకాలే సంఘం గుమాస్తా బాలరాజు, చంకలో రూల్సు పుస్తకం.

"అనంతమ్మా, నీ కొడుకు సంఘానికి ఫోను జేసిండు. నీ కోడలికి కడుపుల పేగు వాసిందట. పొద్దుగూకేలోపల ఆపరేషన్ జేయాలంటున్నడట డాక్టరు. లేకపోతె లోపలనే పలుగుతదట."

"అయ్యో నా తల్లీ! మరింక జేస్తలేడేంది?"

"చీటీ గావాలట."

"గట్లయితె రాయన్నా జల్ది! నిలవడి జూస్తవేంది?"

ఈశ్వరయ్య జేబులోంచి పెన్ను తీశాడు. తీసి మళ్ళీ ఆగాడు. "రాస్తగాని చెల్లే, మగ్గం ఆడుతున్నది గద? మూల మలుపుకాడికెల్లి ఇనబడ్డది."

"నేనెక్కిన, ఆడుతున్నది! కోడలు దవాఖానల పడున్నది!"

"నీ కోడలు పడ్డదేమోగాని మగ్గం పడలే గద. కార్డు ఎవరి పేరు మీదున్నది? బాలరాజూ, చదువు."

బాలరాజు పుస్తకం తెరిచి చదివాడు. "పేరు, మగ్గం నంబరు నలభై ఒకటి. వయసు, పడుచు. జబ్బుకు గుర్తు, మగ్గం ఆగుట."

అనంతమ్మ ఒక్క ఉదుటున మగ్గం గుంటలోంచి లేచింది. "ఇగో, దిగిన. ఆగింది. రాయి."

అప్పుడు చూడాలి ఈశ్వరయ్య కంగారు. మగ్గం మీద మామిడిపండు రంగు ధగధగలాడుతోంది. అంతా అయిపోయింది, కొంగు ఒక్కటే మిగిలింది. "ఆపకు, ఆపకు! శుక్రారం డైరెక్టరమ్మకు పెట్టాల్నా వద్దా?" అన్నాడు.

"చీటీ రాసినంక ఎక్కుత."

"ఎక్కరాదు" అన్నాడు బాలరాజు. వాడికి మనుషుల మీద కోపం లేదు, రూలు మీద ప్రేమ అంతే. "చీటీ రాసిచ్చినంక, రోగం తగ్గిందని డాక్టరు రాసిచ్చేదాంక ఆ మగ్గం ఆడరాదు. ఆడితె చీటీ చెల్లదు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారులు ఇద్దరు. ఈశ్వరయ్య కాస్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "చెల్లే, నా మాటిను. ఇయ్యాల రేపు కూసుండి చీర దించు. రేపు మాపటికి చీటీ నేనే పట్టుకొస్త. ఏడాదంత ఒక్క రోగం లేదని బోర్డు రాయించిన. రంగు ఇంక ఆరలే."

"రేపు మాపటిదాంక దాని కడుపు ఆగుతదా?"

"ఆగుతదిలే. పడుచుపిల్ల."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అనంతమ్మ ఈశ్వరయ్య మొహంలోకి చూసింది. చెడ్డవాడేం కాదు, అంతకంటే పనికిమాలినవాడు. ఆనాడు మాసయ్య మంచం చుట్టూ నిలబడి మొహాలు చూసుకున్న పెద్దమనుషులు కూడా చెడ్డవాళ్ళేం కాదు. అందరూ మంచివాళ్ళే. మనిషి మాత్రం పోయాడు.  ఆమె మగ్గం వైపు తిరిగింది. గూట్లో ఉన్న కత్తి అందుకుంది.

"ఏయ్, ఏందది? అనంతమ్మా!"

పరపరా కోసింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిలువు పోగుల పడుగంతా తెగిపోయింది. బిగుతుగా ఉన్న దారాలు ఒక్కసారిగా జారి గుంటలో పడ్డాయి. డైరెక్టరమ్మ చీర కొంగు లేకుండానే నేల మీదికి వచ్చింది.

"పడుగు కోసిందమ్మో!" అని రామేశ్వరమ్మ గుండెలు బాదుకుంటూ వీధిలోకి పరుగెత్తింది.

నేతవాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళకు దీని సంగతి చెప్పక్కర్లేదు. ఇల్లు కాలుతున్నా సరే, సగం నేసిన పడుగు మీద కత్తి పెట్టరు. పెడితే ఆ ఇంట్లో శవం లేచినట్టే. ఆ మాట చెవిన పడ్డవాళ్ళు అడ్డపోగు నడిపే నాడె కింద పెట్టి మగ్గం దిగాలి. ఆ పూట మళ్ళీ ముట్టుకోరాదు. ఆ వీధిలో అది పెద్దల నాటి కట్టుబాటు. అధ్యక్షులవారు కూడా కాదనలేరు.

రామేశ్వరమ్మ కేక పోయిన కొద్దీ మగ్గాలు ఆగుతూ పోయాయి. ముందు పక్కిల్లు, తర్వాత ఎదురిల్లు, తర్వాత మూలమీది ఇళ్ళు. పుట్టినప్పటి నుంచీ ఈశ్వరయ్య చెవుల్లో ఉన్న చప్పుడు మాయమైంది. ఎవరింట్లోనో పసిపిల్ల ఏడవడం కూడా స్పష్టంగా వినిపించింది. కుర్రకారంతా వచ్చి గుమ్మం ముందు మూగారు. సంగతేమిటో రామేశ్వరమ్మ ఏడుస్తూనే చెప్పింది. ఏడుస్తూ చెప్పినా ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

వెంకటన్న తలగీరుకున్నాడు. వాడి మొహం మీదికి మెల్లగా నవ్వు వచ్చింది.

"ఈశ్వరన్నా, నా మగ్గం ఆగింది. పోయి జూసుకో. నాకు జబ్బు జేసింది. చీటీ రాయి."

"నాది గూడ ఆగిందన్నా" అన్నాడు ఇంకొకడు.

"మాది గూడ. మా ఇద్దరికి బాగలేదు" అన్నది చంకన పిల్లను ఎత్తుకున్న ఒకామె.

"తమాషాలు జేస్తుండ్రా?" అని ఈశ్వరయ్య కసిరాడు. "ఏం రోగమొచ్చింది మీకు? రాళ్ళు తిన్నా అరిగించుకునేటట్టున్నరు!"

బాలరాజు గొంతు సవరించుకున్నాడు. "సార్, రూలు ప్రకారం రోగమేందని అడగరాదు. మగ్గం ఆగిందా లేదా, అంతే. మీరు కండ్లార చూస్తుండ్రు గూడ. అందరికి రాయాలె."

"నువ్వు నోర్మూయ్!"

"నేను మూసుకుంట సార్. పుస్తకంల మీ సంతకమే ఉన్నది."

ఈశ్వరయ్య లెక్క వేసుకున్నాడు. ఎల్లుండి డైరెక్టరు వస్తాడు. రోగం లేని యువత అని బోర్డు. దాని కింద వీధికి వీధి ఒక్క రోజే మంచాన పడ్డట్టు చీటీలు. ఊరికి గత్తర తగిలిందని ఆ మహానుభావుడు పొలిమేర నుంచే జీపు తిప్పుకొని పోతాడు. పోతూ పోతూ అధ్యక్ష పదవి కూడా పట్టుకుపోతాడు.

"రాస్త! ఒక్కటే రాస్త, అనంతమ్మది! మీరంత పోయి పండుకోండ్రి, ఎవ్వరు చీటీలు అడగొద్దు!"

"ముందుగాల రాయి" అన్నాడు వెంకటన్న.

బాలరాజు వంగాడు. వాడి వీపు మీద కాగితం పెట్టి ఈశ్వరయ్య చీటీ రాశాడు. సంఘం ముద్ర కోసం కుర్రవాళ్ళు ఆయనను దాదాపు ఎత్తుకొని ఆఫీసుకు తీసుకుపోయారు. ముద్ర తడి ఆరకముందే అనంతమ్మ ఆ చీటీని రవికెలో దోపుకొని బస్టాండుకు పరుగు తీసింది.

బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే అందరూ నదిలోకి చిల్లర విసిరారు. అనంతమ్మ విసరలేదు, రెండు చేతులూ చీటీ మీదే ఉన్నాయి. "తల్లీ, నీకు మళ్ళ ఇస్త, ఇప్పుడు దాన్ని బతికించు" అని మాత్రం అన్నది. పెబ్బేరులో డ్రైవరు చాయ్‌కి దిగితే, ఆమె కిటికీలోంచి తిట్టిన తిట్లకు వాడు గ్లాసు సగంలో వదిలేసి వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు.

వనపర్తి దవాఖానలో కిటికీ వెనక కూర్చున్నవాడు చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పేషంటు పేరు మగ్గమా? ఆడమనిషా, మగమనిషా?"

"నా కోడలు! పేరు భాగ్యలక్ష్మి. రాసుకో."

"చీటీల ఉన్నదే రాయాలమ్మా. పేరు మారిస్తె కంపెనీ ఒప్పుకోదు."

ఇంకో పూటైతే అనంతమ్మ ఆ కిటికీ ఊచలు ఊడబీకేది. కానీ పొద్దు వాలి ఎండ పసుపుపచ్చగా తిరిగింది, లోపల నుంచి కోడలి మూలుగు వినిపిస్తోంది. "ఏదో ఒకటి రాసి సావు, ముందు కోయమను" అన్నది. అలా నలభై ఒకటో నంబరు మగ్గాన్ని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయారు. కురుమూర్తి గోడకు ఆనుకొని చిన్నపిల్లవాడిలా తల్లి కొంగు పట్టుకున్నాడు. చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చి, "ఇంకొంచెం ఆలస్యమైతే పగిలేది. గండం గడిచింది" అన్నాడు. అనంతమ్మ కృష్ణ ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టింది.

శుక్రవారం గద్వాలలో సభ ఘనంగానే జరిగిందట. బజారులో కొన్న వేరే చీర పెట్టారట. ఏడాది మొత్తానికి ఒకే ఒక్క జబ్బు, అది కూడా మగ్గానికే వచ్చిందని ఈశ్వరయ్య చదివితే, డైరెక్టరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. రాష్ట్రమంతా ఈ పద్ధతే పెట్టాలన్నారట. పెట్టరని మనం ఎలా చెప్పగలం?

దానికి ముందు రోజు, అంటే ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున, వనపర్తి దవాఖానలో నర్సు మంచం కాళ్ళ దగ్గర తగిలించిన అట్ట చదివి, "మగ్గం ఎవరమ్మా? సూదెయ్యాలి" అని అడిగింది. అనంతమ్మ కోడలి చెయ్యి ఎత్తి చూపింది. సూది గుచ్చగానే భాగ్యలక్ష్మి కళ్ళు తెరిచింది. బాగా నీరసంగా ఉంది, కానీ చూపు తేటగా ఉంది.

"అత్తా, మగ్గం మీద ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు బిడ్డా. పండుకో."

ఆ పిల్ల లేవబోయింది. కుట్లు లాగేసరికి అమ్మా అంటూ వెనక్కి పడింది. "ఎవ్వరు లేకపోతె ఎట్లత్తా? శుక్రారానికి చీర..."

"చీర లేదు, గీర లేదు. కోసి పారేసిన."

"కొంగు అయ్యిందా?"

"కాలేదు. పడుగు మీదనే కోసిన. కత్తి బెట్టి."

 భాగ్యలక్ష్మి అత్త మొహంలోకే చూసింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదుగా దిండులోకి జారాయి. పడుగు కోయడమంటే ఏమిటో ఆ పిల్లకు పుట్టినింట్లోనే తెలుసు.

"నా కోసమా?" అన్నది. "నేనంత దాన్నా అత్తా?"

వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

అనంతమ్మ దిండు మీది తడిని కొంగుతో అద్దింది. ఈ పిల్లకు ఈ అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? ఈశ్వరయ్య కార్డు నుంచేనా? మంగళవారం ఇదే పిల్ల కడుపు పట్టుకుంటే, మజ్జిగ చేతికిచ్చి, చీర ఆగిపోతుందని ఆదరాబాదరాగా మగ్గమెక్కింది ఎవరు? ఆమెకు సిగ్గేసింది, ఏడుపు వచ్చింది. కోడలి మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"అంత దానివే బిడ్డా" అన్నది. "నాకే జర ఆలస్యంగ తెలిసింది."